చెట్టు చెప్పు ఆనవాళ్ళు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమునకు వచ్చి చెట్లను గూర్చి మాటాడుట కొంత విడ్డూరముగా తోచవచ్చును. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పుటకు పాటుపడిన అయ్యంకి వెంకటరమణయ్యగారిని గూర్చియు, 1935లో కాలువ మీద పడవ గ్రంథాలయమును నడిపించిన పాతూరి నాగభూషణముగారిని గూర్చియు చెప్పుటకు నాకంటె తెలిసిన పెద్దలు ఈ వేదికపై నున్నారు. కార్యదర్శిగారు నాకీ విషయమును అప్పగించుటకు కారణము మీకందరకు తెలిసినదే. ఈ యావరణలోని వేపచెట్టును కొట్టవలెనా, కొట్టరాదా యని 2021లో రేగిన వాదము నేటికిని పూర్తిగా చల్లారలేదు. దానికొక తీర్పు చెప్పిపొమ్మని నన్ను పిలిచిరి. చెప్పియే పోయెదను. కాని ముందు మరికొన్ని చెట్ల యొద్దకు పోయి రావలసియున్నది.

గ్రంథాలయమునకును చెట్టునకును గల సంబంధము నొక్కదానిని మాత్రము మొదట చెప్పెదను. కాగితము రాకపూర్వము మన గ్రంథములన్నియు తాటియాకు మీదనే యుండెను. ఆ తాటిచెట్టునకు మన గోదావరి డెల్టాలో వచ్చిన రోగమొకటి ప్రపంచములోని వృక్షరోగ శాస్త్ర గ్రంథములలో కెక్కినది. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో డెల్టా గ్రామములందు తాటిచెట్లు తలలు వ్రాల్చి మోడులగుచుండగా, పూసా వ్యవసాయ పరిశోధనాలయములో శిలీంధ్ర శాస్త్రజ్ఞుడుగా నుండిన ఇ. జె. బట్లరు ఆ రోగమును పరిశీలించెను. మొవ్వును కుళ్ళించుచున్నది కంటికి కానరాని బూజువంటి జీవి యని తేల్చి, 1907లో దానికి పామివోర మని, అనగా తాటిజాతిని మ్రింగునది యని, పేరిడెను. నేటి శాస్త్రజ్ఞులు దానిని ఫైటోఫ్తోరా పామివోరా యందురు. మన కొబ్బరితోటలలో అంతరపంటగా వేయు కోకో కాయలను నల్లగా కుళ్ళించునదియు ఇదియే.

ఆనాటి ప్రభుత్వము రోగము సోకిన తాళ్ళ తలలను నరికించి కాల్పించు పనిని గోదావరి, కృష్ణా జిల్లాలలో పెద్దయెత్తున సాగించెను. అప్పటికి మన ఏలూరు కృష్ణా జిల్లాలోనిదే. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో గాని యేర్పడలేదు. ఆ పనిలో యంత్రము లేదు, గొప్ప మందును లేదు. ఉన్నది గొడ్డలియు, అగ్గిపెట్టెయు. కష్టమంతయు ఏ చెట్టు రోగియో, ఏది కాదో గుర్తించుటలోనే యుండెను. ఏలయన, రోగము సోకిన తాటిచెట్టు క్రిందనుండి చూచువానికి పచ్చగానే కనబడును.

ఇది కొంచెము వివరింపవలసిన సంగతి. మామిడికి ఒక కొమ్మ పోయినచో మరియొక కొమ్మ వచ్చును. వేపను మొదలంట నరికినను ప్రక్కనుండి చిగిర్చును. తాటికి, కొబ్బరికి, పోకకు ఉన్నది ఒక్కటే మొవ్వు. అది చచ్చినచో చెట్టు చచ్చినట్లే. కాని అంతకుముందే విప్పుకొనిన మట్టలు తమలోని సత్తువతో నెలల తరబడి పచ్చగా నిలిచియుండును. చెట్టు చచ్చినదని మట్టలకు ఇంకను తెలియదన్న మాట. కావున కొబ్బరిని చూచునప్పుడు చుట్టునున్న పచ్చదనమును చూచి సంతోషింపక, నడుమనున్న విప్పుకొనని లేతయాకును చూడవలెను. ముసురు పట్టిన దినములలో ఆ యాకు వన్నె తగ్గి, గోధుమరంగునకు తిరిగి, ఒక ప్రక్కకు వ్రాలినచో మొవ్వుకుళ్ళు ప్రవేశించినదని గ్రహింపవలెను. దింపునకు ఎక్కినవానిని ఆ యాకును మెల్లగా లాగి చూడుమనుడు. రోగము ముదిరినచో అది చేతిలోనికి ఊడి వచ్చును; మొదట చెడువాసన కొట్టును. తొలిదశలోనే కనిపెట్టినచో కుళ్ళిన భాగమును మంచి భాగము కనబడువరకు కోసివేసి, బోర్డో ముద్దను పూసి, క్రొత్త మొవ్వు వచ్చువరకు వాన తగులకుండ కప్పియుంచిన చెట్టు బ్రతుకును.

బోర్డో ముద్ద యన్న మాట వచ్చినది కనుక దాని కథను కూడ వినుడు. ఫ్రాన్సు దేశములో బోర్డో పట్టణపు చుట్టుప్రక్కల ద్రాక్షతోటల రైతులు బాటసారులు పండ్లు కోయకుండుటకు, బాట ప్రక్క తీగలపై మైలుతుత్తము, సున్నము కలిపిన నీటిని చల్లుచుండిరి. 1882 ప్రాంతమున మిల్లార్డె యను ఆచార్యుడు ఆ వైపు పోవుచు, తోట లోపలి తీగలకు బూజు తెగులు పట్టి ఆకులు రాలియుండగా బాట ప్రక్కవి మాత్రము పచ్చగా నుండుట చూచెను. 1885లో ఆ సంగతిని ప్రకటించెను. దొంగలకై చల్లినది రోగమునకు మందైనది. ఇప్పటికిని మనము వాడునది అదియే. చల్లుటకైనచో 1 కిలో మైలుతుత్తమును, 1 కిలో సున్నమును విడివిడిగా కరగించి 100 లీటర్ల నీటిలో కలుపుకొనవలెను. పూయు ముద్దకైనచో అవే పాళ్ళను 10 లీటర్ల నీటిలో కలుపవలెను. కుండలోగాని ప్లాస్టిక్ తొట్టిలోగాని కలుపవలెను, ఇనుప పాత్ర పనికిరాదు. తోమిన చాకును అందులో ముంచి తీసినప్పుడు ఎఱ్ఱని రాగిపొర యంటినచో సున్నము చాలలేదని యర్థము.

ఇక ఆరోగ్యముగా నున్న కొబ్బరి ఎట్లుండునో తెలిసియుండవలెను గదా. పెరిగిన చెట్టు తలపై 30 మొదలు 35 వరకు మట్టలుండును. ఇంచుమించుగా నెలకొక క్రొత్త మట్ట వచ్చును, నెలకొక పాతది క్రింద ఎండి రాలును. కావున అడుగుమట్ట యెండినదని యెవరును భయపడనక్కరలేదు. అది చెట్టు వయసు. కాని ఎండిన మట్టలు రాలక బోదె చుట్టును పావడావలె వ్రేలాడుచున్నను, పైన వచ్చునవి యేటికేడు చిన్నవగుచున్నను, అది వయసు కాదు, వ్యాధి. బోదెను కూడ చూడుడు. మామిడి మాను ఏడాదికేడాది లావెక్కును. కొబ్బరి బోదె ఒకసారి యేర్పడినదంటే మరి లావెక్కదు. ఎరువు, నీరు చాలని సంవత్సరములలో పెరిగిన భాగము సన్నగానే నిలిచిపోవును. నడుమ సన్నబడి మరల లావెక్కిన చెట్టును చూచి, ఏ యేడాది దానికి కరవు వచ్చినదో మట్ట మచ్చలను లెక్కించి ఇంచుమించుగా చెప్పవచ్చును. ఇంటి జమాఖర్చుల పుస్తకము కంటె అది నిజము చెప్పును.

ఇంకొక మాట. బోదె మీద పడిన గాయము మానదు. మామిడికి, వేపకు బెరడు క్రింద నుండు జీవపొర గాయపు టంచులనుండి పెరిగి కొన్నేండ్లలో దానిని మూసివేయును. కొబ్బరికి ఆ పొర లేదు. ఎక్కుటకు వీలుగా నుండునని కత్తితో కొట్టిన మెట్లు చెట్టు బ్రతికినంతకాలము తెఱచిన తలుపులే. ఎర్రముక్కు పురుగు గ్రుడ్లు పెట్టుటకు వెదకునది అట్టి తలుపులనే. బోదె మీద చిన్న రంధ్రము, దానినుండి నమలిన పీచు, గోధుమవన్నె రసి కనబడినచో, చెవి ఆనించి వినుడు. లోపల పిల్లపురుగులు నమలు చప్పుడు కొన్ని వేళల స్పష్టముగా వినవచ్చును. మొవ్వుమట్టలు విసనకఱ్ఱను కత్తెరతో కత్తిరించినట్లు విప్పుకొనినచో అది కొమ్ముపురుగు పని. కొమ్ముపురుగు ఒక్కటే చెట్టును చంపుట అరుదు. కాని అది చేసిన గాయములోనికి ఎర్రముక్కు పురుగు వచ్చును. పెరటిలో ఎన్నేండ్లుగానో తిరుగవేయని పెంటకుప్పయే కొమ్ముపురుగుకు పుట్టినిల్లు.

ఇప్పుడు నాకు బాధ కలిగించిన రోగమును గూర్చి చెప్పెదను. దీని పేరు గానోడెర్మా తెగులు. 1952 తుఫాను తరువాత తంజావూరు ప్రాంతమున ఎక్కువగా కనబడుటచే తంజావూరు తెగులనియు అందురు. మన జిల్లాలలోను తీరపు ఇసుక నేలలలో ఇది యెక్కువ. ఆయిల్ పామ్ తోటలకును దీని బెడద కలదు. ఇది నేలలో పుట్టును, వేళ్ళను కుళ్ళించును, మెల్లగా బోదె మొదటి లోనికి వచ్చును. తల చూచువానికి ఏమియు తెలియదు. మొదట కాపు తగ్గును, పిందెలు రాలును. అందరును నల్లియనో ఎరువు చాలలేదనో అనుకొందురు. ఆ తరువాత అడుగుమట్టలు వాడి వ్రేలాడును. అప్పటికే బోదె మొదట నేలకు జానెడెత్తులో ఎరుపు కలిసిన గోధుమవన్నె జిగురు కారి గట్టిపడియుండును. ఆ మరక నెలనెలకు పైకి ప్రాకును. కడపట వానల తరువాత మొదట పుట్టగొడుగు పుట్టును. గొడుగు ఆకారము కాదు. మానునకు అతికించిన సగము పళ్ళెమువలె, పైన ఎఱ్ఱగా నిగనిగలాడుచు, అంచు తెల్లగా నుండును. పిల్లలు అందముగా నున్నదని కోసి ఆడుకొందురు. ఆ పళ్ళెము కనబడినదనగా లోపలి పని పూర్తి యైనదని యర్థము.

మా తోటలో ఇట్టి మరకను మొదట చూచినప్పుడు వాననీరు కారిన చారయని అనుకొంటిని. దింపునకు వచ్చిన పెద్దాయన "బాబుగారూ, ఈ చెట్టు చూపు బాగులేదండి" అని రెండుసార్లు చెప్పెను. కాయ కాచుచున్న చెట్టు గదా యని నేను నవ్వితిని. అంతటితో ఆగక, ఆ వేసవిలో చెట్టునుండి చెట్టునకు బోదె త్రవ్వి నీరు పారించితిని. రోగి పాదులోని నీటిని మంచిచెట్ల పాదులలోనికి నేనే నా చేతితో పంపితినన్న మాట. మూడేండ్లలో ఆ వరుసలో ఏడు చెట్లు పోయినవి. ఎనిమిదవదాని దగ్గర కందకము త్రవ్వించితిని. అది నేటికిని కాచుచున్నది. ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన చూచినది నేను చూడలేకపోవుటకు నా చదువు తక్కువై కాదు. నేను తల చూచితిని, ఆయన మొదలు చూచెను.

ఈ తెగులును తొలిదశలో పట్టుకొనినచో కొంతవరకు నిలుపవచ్చును. ఏటికి చెట్టునకు 5 కిలోల వేపపిండితో ట్రైకోడెర్మా యను మేలుచేయు శిలీంధ్రమును కలిపి పాదులో వేయవలెను. బోర్డో ద్రావణము 40 లీటర్లు పాదు తడియునట్లు పోయవలెను. రోగి చెట్టు చుట్టును రెండడుగుల లోతు, అడుగు వెడల్పున కందకము త్రవ్వి, దాని వేళ్ళు ప్రక్క చెట్టును తాకకుండ చేయవలెను. పాదు పాదునకు వేరుగా నీరు పెట్టవలెను. వేరు ద్వారా ఎక్కించు మందులును కలవు. వాని మోతాదును, ఎన్నాళ్ళు కాయ దింపరాదను విషయమును ఉద్యాన శాఖవారిని అడిగి తెలిసికొనవలెను గాని దుకాణములో అడుగరాదు. చచ్చిన చెట్టును బోదె కొట్టి వదలిన చాలదు. మొద్దును, వేళ్ళను త్రవ్వి తీసి కాల్చవలెను. వంటచెఱకునకు పనికివచ్చునని మొద్దును పెరటిలో నిలువయుంచినవాడు రోగమునే నిలువయుంచుచున్నాడు.

దీనితో పొరబడదగిన మరొక జిగురు కలదు. బోదె మీద నడుమ ఎక్కడనో పగులు వచ్చి అక్కడనుండి రసి కారి నల్లబడును. అది వేరుజాతి శిలీంధ్రపు పని. చెడిన భాగమును ఉలితో చెక్కివేసి బోర్డో ముద్ద పూసినచో చాలవరకు నిలిచిపోవును. నేల నంటి పైకి వచ్చు మరకకును, నడుమ పుట్టిన మరకకును భేదము తెలియక మంచిచెట్లను కొట్టించినవారును కలరు.

కొల్లేటి వైపు తోటలవారు నన్ను తరచుగా అడుగు ప్రశ్న వేరు. వారి కొబ్బరులు పసుపెక్కుచున్నవి. అది రోగమా యని. కొల్లేటి చుట్టును ఎన్నో ఎకరములు చేపల చెరువులైన సంగతి మీకు క్రొత్త కాదు. 1999లో అయిదవ కాంటూరు వరకు అభయారణ్యముగా ప్రకటించుట, 2002లో రామ్‌సర్ ఒప్పందపు పట్టికలో సరస్సు చేరుట, 2006లో లోపలి చెరువుల గట్లను తెగగొట్టుట, ఇవన్నియు మన కళ్ళయెదుట జరిగినవే. ఆ వివాదములోనికి నేనిప్పుడు పోను. చెట్టు సంగతి మాత్రము చెప్పెదను. చెరువులో నీరు ఏడాది పొడుగునను నిలిచినచో గట్టు ప్రక్క నేలలో ఊట పైకి వచ్చును. వేళ్ళకు గాలి చాలదు. ఆకు పచ్చదనము తగ్గి లేత పసుపగును. వేసవిలో ఉప్పుటేరునుండి ఉప్పునీరు ఎగదన్నిన చోట్ల ఆకుల కొనలు కాలినట్లు ఎండును. దీనికి మందు కొట్టినవాడు డబ్బును గట్టు మీద పోసినట్లే. మురుగు తీయు బోదె ఒక్కటే దీనికి మందు.

రోగమో నీరో తెలిసికొనుటకు సులువైన దారి యొకటి కలదు. ఒక్క చెట్టును చూడకుడు, వరుసను చూడుడు. చెరువు వైపు వరుస యంతయు ఒకే తీరున పసుపెక్కి, దూరము పోవుకొలది పచ్చబడుచున్నచో అది నీటి దోషము. నడుమ ఒక్క చెట్టు పసుపెక్కి, మరుసటి యేడు దాని ప్రక్కది, ఆ పై యేడు ఆ ప్రక్కది యైనచో అది రోగము. నీరు వరుసలను ఎంచుకొనును, రోగము పొరుగును ఎంచుకొనును. ఆకులు తెల్లబడి చెట్టు వాడినప్పుడెల్ల రోగమేయని అనుకొనరాదు గూడ. కొల్లేటి పక్షులు వందలుగా వ్రాలి రెట్ట వేసిన చెట్లును అట్లే యుండును. కైకలూరు దగ్గర ఆటపాకలో పక్షుల గూళ్ళకు ఇనుప మంచెలను నిలిపియుంచిరి. గూడబాతులు వాని మీదను సుఖముగా పిల్లలను చేయుచున్నవి. చెట్టు పని ఇనుము చేయుట నేనక్కడనే చూచితిని.

భయపెట్టునదెల్ల చంపునది కాదనుటకు తెల్లదోమ నిదర్శనము. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి వైపు కనబడిన సర్పిలాకార తెల్లదోమ వెనువెంటనే మన గోదావరి జిల్లాలకు వచ్చెను. ఆకు క్రింద ముగ్గు వేసినట్లు తెల్లని చుట్లు, ఆకు పైన మసి పూసినట్లు నల్లని పొర. ఇంటిముందరి జామ, అరటి, మందార కూడ నల్లబడినప్పుడు జనులు బెదరి చేతికందిన మందెల్ల కొట్టిరి. ఆ నలుపు రోగము కాదు. దోమ విసర్జించు తీపినీటి మీద పెరుగు బూజు. చెట్టు బలహీనపడును, కాపు తగ్గును, కాని చెట్టు చచ్చుట అరుదు. ఆ దోమను తినివేయు ఎన్‌కార్సియా యను కంటికానని కందిరీగ కలదు. ఘాటైన పురుగుమందు కొట్టిన తోటలో మొదట చచ్చునది ఆ కందిరీగయే. గట్టిగా నీరు కొట్టుట, పలుచని గంజి చల్లి నల్లపొర ఎండి ఊడిపోవునట్లు చేయుట, ఇవి మన యాడవారు కూడ చేయగల పనులు. ఇట్టి వానిని గూర్చి సందేహము వచ్చినప్పుడు తాడేపల్లిగూడెము ప్రక్కనే వెంకట్రామన్నగూడెములో 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయమున్నది. అంబాజీపేటలో కొబ్బరికి పరిశోధన కేంద్రమున్నది. ఆయిల్ పామ్‌కు ఏలూరు ప్రక్క పెదవేగిలో కేంద్ర సంస్థ యున్నది. ఎండిన ఆకును సంచిలో వేసికొని బస్సెక్కిన ఒక్క పూటలో పోయి రావచ్చును. పొరుగువాని మాట విని మందు కొట్టుటకు అంతకంటె ఎక్కువ ఖర్చగును.

మామిడిని గూర్చి క్లుప్తముగా ముగించెదను. నూజివీడు వైపువారు నాకంటె బాగుగా చెప్పగలరు. మొదట రంపపు పొట్టు రాలియున్నచో మాను తొలుచు పురుగు లోపలనున్నది. రంధ్రములో ఇనుప తీగ త్రోసి పురుగును చంపి, బంకమట్టితో మూయవలెను. కాని అంతకంటె వింతయైనది బదనిక. తోటలో అన్ని చెట్లును ఆకు రాల్చి దిగులుగా నున్నప్పుడు ఒక్క చెట్టు కొమ్మ దట్టముగా పచ్చగా నుండును. చూచువాడు ఎంత బలమైన కొమ్మయో యనుకొనును. ఆ పచ్చదనము మామిడిది కాదు, మామిడి రసమును త్రాగి బ్రతుకు బదనికది. చిన్న పిట్టలు దాని పండ్లు తిని, జిగురు విత్తనములను మరియొక కొమ్మకు రుద్దిపోవును. కాయ పండకముందే, అంటిన చోటికి క్రిందుగా కొమ్మతోకూడ కోసివేయుట తప్ప వేరు మార్గము లేదు.

ఇప్పుడు వేపకు వచ్చితిని.

2021 వానకాలము చివర మన రాష్ట్రములోను, తెలంగాణములోను వేపచెట్లు కొనలనుండి మాడినట్లు ఎండినవి. రోడ్ల ప్రక్క, గుడుల ముందర, బడులలో ఎక్కడ చూచినను అగ్గి తగిలినట్లుండెను. కలికాలమనిరి, టవర్ల ప్రభావమనిరి. నిజమునకు రెండు కారణములు కలిసివచ్చినవి. జీడిమామిడి రైతులకు తెలిసిన తేయాకు దోమ — పేరు దోమయే గాని అది రసము పీల్చు ఒక నల్లి — లేత కొమ్మలను గ్రుచ్చెను. ఆ గాయములలో ఫోమాప్సిస్ అను శిలీంధ్రము ప్రవేశించి కొమ్మలను చివరనుండి వెనుకకు ఎండించెను. చివరనుండి వెనుకకు, అను మాటను గుర్తుంచుకొనుడు. గానోడెర్మా మొదటినుండి పైకి పోవును. ఇది కొననుండి క్రిందికి వచ్చును. మొదటిదానికి వేరు పోయినది, రెండవదానికి వేరు చెక్కుచెదరలేదు. వేరు బాగున్న వేప మరల చిగిర్చును. 2022 వేసవికి అత్యధిక భాగము చిగిర్చినవి గూడ.

చచ్చినదో బ్రతికినదో తెలిసికొనుటకు గోరు చాలును. పెన్సిలంత కొమ్మపై బెరడును గోటితో గీయుడు. లోపల పచ్చగా, తడిగా నున్నచో ప్రాణమున్నది. గోధుమవన్నెగా పొడిగా నున్నచో ఇంకొంచెము క్రిందికి వచ్చి మరల గీయుడు. పచ్చదనము కనబడినచోటికి ఎండినది కోసివేయుడు. అంతే. ఆ యేడు మా పెరటిలోని వేపను నేను గీచి చూడలేదు. ఇంటి కప్పు మీద ఎండుకొమ్మలు పడునని నా భార్య వద్దన్నను కొట్టించితిని. రంపము దిగినచోట మాను పచ్చగా, తడిగా నుండెను. కోసినవాడు నా వంక చూచెను గాని ఏమియు అనలేదు.

మీరు మీ చెట్టును కొట్టలేదు. చదువుగది పెంచుటకు ఆ స్థలము కావలెనన్న వారి మాట నెగ్గలేదు. ఇప్పుడీ సభ యంతయు దాని నీడలోనే జరుగుచున్నది. ఉదయము వచ్చి దానిని చూచితిని. ఉత్తరపు వైపు రెండు కొమ్మలు నిజముగా ఎండినవి, వానిని కోయింపవలెను. మొదటి చుట్టును వేసిన సిమెంటు తిన్నె మానును ఒరసికొని యున్నది. మానునుండి మూడడుగులు పగులగొట్టించి మట్టి వేయింపుడు, వేరునకు నీరు దిగవలెను. ప్రకటనల బల్లకు కొట్టిన మేకులను పీకింపుడు. తక్కిన చెట్టు మనకంటె గట్టిగా నున్నది. తీర్పు ఇంతే.

కాని నేను చెప్పవలసిన తీర్పు మరియొకటి యున్నది. మీరు అడుగనిది.

బావి ప్రక్కనున్న రెండు కొబ్బరిచెట్లలో, గుమ్మమునకు దగ్గరిదానిని గూర్చి ఇన్నేండ్లలో ఎవరును వాదము పెట్టలేదు. పచ్చగా నున్నది, కాయలు నాలుగు తలపై నున్నవి. రజతోత్సవమునకని రెండింటికిని నడుమెత్తు వరకు సున్నము కొట్టి, జాజుతో పట్టీలు వేసినారు, ముచ్చటగా నున్నది. ఆ తెల్లని సున్నము మీద, నేలకు జానెడెత్తునుండి మోకాలివరకు, గోధుమవన్నె చార పైకి ఉబికి వచ్చియున్నది. వేసి నాలుగు దినములు కాలేదు గదా ఆ సున్నము. వెనుక ప్రక్కకు పోయి ఇటుకల మధ్య గడ్డి తొలగించి చూచితిని. చిన్న పళ్ళెమంత పుట్టగొడుగు రెండు పొరలుగా నున్నది. తలపైన మట్టలు లెక్కించితిని, పదునెనిమిది.

ఈ చెట్టును దాచుకొనుటకు ఇక వీలులేదు. వేరు పోయిన చెట్టు తుఫాను గాలికి ఎటు పడునో చెప్పలేము. ఒక ప్రక్క బావి, ఒక ప్రక్క చదువుగది. తల మొదట దింపించి, బోదెను ముక్కలుగా కోయించి, మొద్దును త్రవ్వి తీయించి కాల్పింపుడు. రెండవ చెట్టు ఇంకను శుభ్రముగా నున్నది. దానికిని దీనికిని నడుమ కందకము ఈ వానలకు ముందే త్రవ్వింపవలెను, వేపపిండి వేయింపవలెను. అధ్యక్షులవారితో ఈ మాట ఉదయమే మనవి చేసితిని. ఉత్సవపు టూరేగింపు కాగానే మనుష్యులను పిలిపింతుమని వారు సెలవిచ్చిరి. ఈలోగా ఆ కొబ్బరి క్రింద వేసిన బాలల పుస్తకముల బల్లను ఈ సాయంకాలమే వేప క్రిందికి జరిపింపుడు.